ముందస్తు క్షమాపణల విభాగం

ఆ రాష్ట్రం పేరు చెప్పను. చెబితే ఆ రాష్ట్రంవాళ్లు పరువునష్టం దావా వేస్తారు, పక్క రాష్ట్రంవాళ్లు ఆ ఘనత మాదేనంటారు. మనకెందుకొచ్చిన గొడవ? అక్కడ ఉరిశిక్ష ఉండేదని, దాన్ని అమలు చెయ్యడంలో ప్రభుత్వం మహా చురుగ్గా ఉండేదని, కొమరగిరి అచ్యుతరామం అనే ఆయన అక్కడ భాషాధికారిగా ఉద్యోగం వెలగబెట్టేవాడని తెలిస్తే ఈ కథకు సరిపోతుంది.

అచ్యుతరామం పని సంతాప తీర్మానాలు రాయడం. పెద్దవాళ్లెవరు పోయినా 'తీరని లోటు' అని ఆయనే రాయాలి. ఆయన సర్వీసులో రాష్ట్రానికి ఎన్ని తీరని లోట్లు తెచ్చిపెట్టాడో లెక్కలేదు. అది చాలదన్నట్టు కవి కూడాను. సొంత డబ్బు పోసి ఒక పద్యసంపుటి అచ్చు వేయించుకుని, ఏ పెళ్లికి వెళ్లినా దాన్నే కానుకగా ఇచ్చి వచ్చేవాడు. కొన్నాళ్లకు చుట్టాలు శుభలేఖలు పంపడం మానేశారు. "నా సాహిత్యానికి సమాజం మీద అంత ప్రభావం ఉందండీ" అని ఈ సంగతి ఆయనే నలుగురిలో చెప్పుకుని నవ్వేవాడు. ఆ నలుగురూ కూడా నవ్వితే మాత్రం వారం రోజులు మాట్లాడేవాడు కాదు.

ఇలా ఉండగా జైళ్లశాఖ మంత్రిగారు, ఆ శాఖ ప్రిన్సిపల్ సెక్రటరీ నరహరిగారు కలిసి అమెరికాలో ఒకానొక రాష్ట్రానికి వెళ్లొచ్చారు. మరణశిక్ష ఎలా అమలు చేస్తారో అధ్యయనం చెయ్యడానికి. అక్కడ సగం జీవితం ఉరిఖైదీల కొట్టులో గడిపాక నిర్దోషులని తేలి ఇంటికి వెళ్లినవాళ్లను చూశారు. శిక్ష అమలయ్యాక నిర్దోషి అని తేలిన ఒకాయన సమాధి దగ్గరికి కూడా వీళ్లను తీసుకెళ్లారు. సూటు వేసుకున్న అధికారి ఒకాయన అక్కడ పూలగుచ్ఛం పెట్టి, ప్రభుత్వం తరఫున క్షమాపణ చదివాడు. మంత్రిగారికి ఇంగ్లీషు అంతగా రాకపోయినా కళ్లు చెమర్చాయి.

"ఎంత మంచి క్షమాపణయ్యా నరహరీ! కానీ వినాల్సినవాడు వినే స్థితిలో లేడు. అదొక్కటే లోపం" అన్నారు మంత్రిగారు.

"ఇది కేవలం సమయపాలన సమస్య సార్. మనం ముందే చెప్పేస్తే లబ్ధిదారుడు స్వయంగా విని ఆనందించే అవకాశం ఉంటుంది" అన్నారు నరహరిగారు.

అంతే. ఉరి తీశాక నిర్దోషి అని తేలితే చెప్పాల్సిన క్షమాపణేదో ఉరికి ముందే చెప్పేస్తే, నిర్దోషి అయితే చెవులారా వింటాడు. దోషి అయితే నాలుగు మాటలేగా, ప్రభుత్వానికి పోయిందేముంది? ముందే చెప్పేకన్నా ముందే విచారించుకుంటే సరిపోదా అని ఎవరూ అడగలేదు. అది కోర్టుల పని. రాజ్యాంగం మీద మంత్రిగారికి అపారమైన గౌరవం కనక అందులో వేలు పెట్టలేదు. విమానం దిగేసరికి 'ముందస్తు క్షమాపణల విభాగం' ఏర్పడిపోయింది. దానికి అధిపతిగా, ఏడుపు రాతల్లో అనుభవం ఉన్నవాడని అచ్యుతరామాన్ని వేశారు.

నిబంధనలు రాయమన్నారు. అచ్యుతరామానికి చట్టం తెలియదు, జైలు తెలియదు. తెలిసిందల్లా సన్మానసభ. పోనీ అదయినా తక్కువ విద్యా? ఆయన బీరువా నిండా పాత సన్మానాల ఆహ్వానపత్రికలే. అందులో ఒకటి ముందు పెట్టుకుని, 'సన్మానం' అన్నచోటల్లా 'క్షమాపణ' అని దిద్దాడు. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన, ముఖ్య అతిథి ప్రసంగం, క్షమాపణపత్ర పఠనం, శాలువా, జ్ఞాపిక, గ్రహీత స్పందన, వందన సమర్పణ. శాలువా వేసినవాడు వేశాక, వేయించుకున్నవాడు "స్వీకరిస్తున్నాను" అనకపోతే ఏ సన్మానమైనా నిండుగా ఉండదు కదా. అందుకని ఒక నిబంధన ప్రత్యేకంగా రాశాడు: 'గ్రహీత క్షమాపణను స్వకంఠముతో స్వీకరించిన పిమ్మటనే తదుపరి కార్యక్రమము చేపట్టవలెను.' ఉరి అనే మాట సభామర్యాద కాదని 'తదుపరి కార్యక్రమం' అన్నాడు. ఎవరైనా వద్దంటే ఏమిటన్న ఆలోచన ఆయనకు రాలేదు. సన్మానం వద్దన్న మనిషిని ఆయన పుట్టి బుద్ధెరిగి చూడలేదు మరి.

మొదటి గ్రహీత లెంక పైడయ్య. బ్యాండుమేళంలో బూర ఊదేవాడు. ఒక రోడ్డు కాంట్రాక్టరును చంపాడని ఉరిశిక్ష పడింది. జైలు ఆవరణలో షామియానా వేశారు. 'శ్రీ లెంక పైడయ్య గారికి రాష్ట్ర ప్రభుత్వ ముందస్తు క్షమాపణ మహోత్సవం' అని పెద్ద ఫ్లెక్సీ కట్టారు. అందులో పోలీసులు తీసిన ఫొటోకే చుట్టూ బంతిపూల అంచు వేయించారు. మంత్రిగారు ఎప్పట్లాగే ఆలస్యంగా వచ్చారు. సభ ఆలస్యమైతే తదుపరి కార్యక్రమం కూడా ఆలస్యమవుతుందని జైలు సూపరింటెండెంట్ దస్తగిరి కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

అచ్యుతరామం క్షమాపణపత్రం చదివాడు. "ఓయీ కారాగార కోకిలమా! ఒకవేళ నీవు నిర్దోషివే అయిన యెడల, ఒకవేళ న్యాయదేవత త్రాసు ఇసుమంత ఒరిగియున్న యెడల..." అంటూ రాగం తీసి, రాగం తెగి, మంచినీళ్లు తాగి మళ్లీ అందుకున్నాడు. మధ్యలో లేచి వెళ్లలేని శ్రోత దొరకడం ఏ కవికైనా అదృష్టం. ఇద్దరు కానిస్టేబుళ్లు ఆ అదృష్టాన్ని చెరో రెక్కా పట్టుకుని కూర్చున్నారు.

చప్పట్లు మోగాయి. మంత్రిగారు శాలువా మడత విప్పారు. "పైడయ్యగారూ, తమ స్పందన" అని అచ్యుతరామం మైకు అందించాడు.

పైడయ్య మైకులోకి ఒకసారి ఉఫ్‌మని ఊది చూసుకున్నాడు. పెళ్లిళ్లలో అలవాటు.

"సాలా బాగా సదివినారు బాబూ. నాకొక్కటే తెల్దు. ఎవులైనా తప్పు సేసినాక గదా 'తప్పయిపోనాది, సెమించు' అంటారు? తమరు నన్నింకా ఉరి తియ్యనేదు గదా. ఆ తీసీదేదో మానీస్తే ఈ సెమాపనేల బాబూ? నానొప్పుకోను."

దస్తగిరి నిబంధనల పుస్తకం తీసి, వేలితో వెతికి, సెక్రటరీగారి చెవిలో చదివాడు. గ్రహీత స్వీకరించలేదు కనక తదుపరి కార్యక్రమం లేదు. తలారి తన ప్రయాణభత్యం బిల్లు పెట్టుకుని ఊరెళ్లిపోయాడు. మంత్రిగారు కాసేపు శాలువా పట్టుకుని నిలబడి, ఊరికే పోవడమెందుకని తనే కప్పుకున్నారు.

మర్నాడు సమీక్షా సమావేశం. నరహరిగారు గొంతు సవరించుకున్నారు.

"గ్రహీత నుంచి ఆశించిన స్పందన రాకపోవడాన్ని ప్రభుత్వం తీవ్రంగా పరిగణిస్తోంది. లోపం రెండు చోట్లే ఉండటానికి అవకాశం ఉంది. ఒకటి ముద్దాయిలో, రెండు క్షమాపణలో. ముద్దాయిలో ఉన్న లోపానికి కోర్టువారు ఇప్పటికే శిక్ష వేశారు. కాబట్టి తేలిందేమిటంటే, ఇది క్షమాపణ నాణ్యతా లోపం."

అందరూ అచ్యుతరామం వైపు చూశారు. పత్రికలవాళ్లు ఆయన పద్యాలు తిప్పి పంపడం మామూలే కానీ, ఇలా మంత్రిగారి సమక్షంలో ఒక ఖైదీ తిప్పికొట్టడం ఇదే మొదలు. తల కొట్టేసినట్టయింది. లోపమేమిటో గ్రహీతనే అడిగి తెలుసుకుని రమ్మని ఆయన్ను జైలుకు తోలారు.

పైడయ్య జైలు కొట్టులో చాప మీద కూర్చుని ఉన్నాడు. అచ్యుతరామాన్ని చూసి చాప సగం దులిపి చోటిచ్చాడు.

"ఏం నచ్చలేదయ్యా నీకు? సమాసాలు ఎక్కువయ్యాయా?" అన్నాడు అచ్యుతరామం, కోపం దిగమింగుకుని.

"ఆటి సంగతి నాకేటి తెలుసు బాబూ. ఒకేల, ఒకేల అని ఊరికినే ఒకటే ఒకేలలు. నాను సెయ్యనేదని మీకు తెలుసు గదా, మరి ఒకేలేటి?"

"నాకెలా తెలుస్తుంది?"

"అందరికీ తెలుసు గదా!" అని పైడయ్య ఆశ్చర్యపోయి, అతనే చెప్పుకొచ్చాడు. కాంట్రాక్టరు చచ్చిపోయిన వేళకి తను పొరుగూళ్లో పెళ్లి ఊరేగింపులో బూర ఊదుతున్నాడు. ఊరంతా అతని ముందే గంతులేసింది. కానీ బ్యాండువాళ్లంతా ఒకే ఎర్రకోటు, ఒకే టోపీ వేసుకుంటారు కనక, పెళ్లికొచ్చినవాళ్లెవరూ బ్యాండువాడి మొహం చూడరు కనక, ఆ సాక్ష్యం చెల్లదని కోర్టు తేల్చింది. పెళ్లి వీడియో చూపించారు. ఎడిటింగ్ కుర్రాడు ముచ్చటపడి, సరిగ్గా పైడయ్య మొహం వచ్చేచోట గులాబీ పువ్వు విచ్చుకునేట్టు చేశాడు. తీర్పయిపోయాక కాంట్రాక్టరుగారి బామ్మర్ది ఠాణాకు వెళ్లి, చంపింది నేనే, నిద్ర పట్టడం లేదు, జైల్లో పెట్టండి అని కాళ్లావేళ్లా పడ్డాడు. కొత్త సాక్ష్యం ఇవ్వడానికి గడువు ముగిసిందని అతన్ని ఇంటికి పంపించారు. ఆ రాష్ట్రంలో సాక్ష్యానికి కూడా పాలప్యాకెట్‌కు ఉన్నట్టు ఒక తేదీ ఉంటుంది. అది దాటితే విరిగిపోయినట్టే లెక్క.

"పాపం, ఆ బాబు ఇప్పుడు బావగారి రోడ్డు పనులన్నీ ఆయనే సూసుకుంటన్నాడు" అన్నాడు పైడయ్య. "నాకాయన మీద కోపం నేదు. ఒప్పుకున్నాడు గదా. నా బాదల్లా ఒకటే. ఇన్నాళ్లల్ల గవుర్మెంటోళ్లల్ల ఒక్కడంటే ఒక్కడు 'పైడయ్యా, నువ్వు సెయ్యనేదు' అన్నాడా? ఆ ముక్క సాలు నాకు. మా ఎర్రయ్యమ్మ మొకం సూసి తలెత్తుకోవచ్చు."

ఎర్రయ్యమ్మ అతని భార్య. ప్రతి ములాఖత్తుకీ వస్తుంది, గేటు దగ్గర ఏడుస్తుంది, లోపలికి వచ్చి నవ్వుతుంది అని కొట్టు తలుపు దగ్గర నిలబడ్డ దస్తగిరి చెప్పాడు.

అచ్యుతరామం బయటికొచ్చాడు. 'ఒకవేళ నీవు నిర్దోషివే అయిన యెడల' అని ఆయన రాసింది వాక్యం తూగుకోసం. ఆ తూగు కింద ఒక మనిషి ఉన్నాడని, తను రాసిన ఆ తెలివితక్కువ నిబంధనే అతని మెడకూ తాడుకూ మధ్య అడ్డుందని ఇప్పుడు అర్థమైంది. తిన్నగా నరహరిగారి దగ్గరికి పరిగెత్తాడు.

"సార్, పైడయ్య నిజంగానే నిర్దోషి సార్!"

"అయ్యుండొచ్చు. అది మన సబ్జెక్టు కాదు" అన్నారు నరహరిగారు, ఫైలు మీంచి తల ఎత్తకుండా. "మనది క్షమాపణల విభాగం. నిర్దోషిత్వం చూసే విభాగానికి ఇంకా పోస్టులు మంజూరు కాలేదు. మీరు వెళ్లి రాత బాగుచెయ్యండి."

అచ్యుతరామం ఒక నిర్ణయానికొచ్చాడు. రాత బాగుచెయ్యడు. వీలైనంత దరిద్రంగా రాస్తాడు. ఎవరూ ఒప్పుకోలేనంత దరిద్రంగా. అలా ఎన్నాళ్లు రాస్తే అన్నాళ్లు పైడయ్య బతుకుతాడు. ఇంత గొప్ప త్యాగం ఏ కవీ చేసి ఉండడని ఒకపూట పొంగిపోయాడు కూడా. తీరా కూర్చుంటే చెత్తగా రాయడం ఆయన అనుకున్నంత కష్టం కాలేదు. ఎక్కడా చెయ్యి తడబడలేదు. ఆ సులువు చూసి ఆయనకే కొంచెం అనుమానం వేసింది.

'విద్యుత్ మరమ్మతుల కారణంగా' అని వచ్చే ప్రకటన ఎదురుగా పెట్టుకుని, 'ఉరి కారణంగా మీకు కలుగు అసౌకర్యానికి చింతిస్తున్నాము. సహకరించగలరు' అని రాసిచ్చాడు. మంత్రిగారు అది చదివి లేచి నిలబడ్డారు. "ఇన్నేళ్లకు మనవాడికి చెయ్యి తిరిగిందయ్యా!" అన్నారు. ఆ ఏటి ఉత్తమ వచన పురస్కారం దానికే ఇచ్చారు. పైడయ్య మాత్రం సభలో లేచి, "నానొప్పుకోను బాబూ" అని చల్లగా కూర్చున్నాడు.

అది మొదలు సభ వెనక సభ జరిగింది. బడిపిల్లలకు క్షమాపణ వ్యాసరచన పోటీలు పెట్టారు. రాష్ట్రం నలుమూలల నుంచి కవులొచ్చి పైడయ్య ముందు క్షమాపణలు పాడారు, గజ్జెకట్టి ఆడారు. అతను అన్నీ శ్రద్ధగా విని, పాడినవాణ్ణి మెచ్చుకుని, ఒప్పుకోనని చెప్పేవాడు. అతన్ని చూసి మిగతా ఉరిఖైదీలు కూడా నేర్చుకున్నారు. తలారి సొంతూళ్లో కొబ్బరికాయల కొట్టు పెట్టుకున్నాడని తెలిసింది.

అప్పుడు నరహరిగారికి శాస్త్రం గుర్తొచ్చింది. మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు. ఒకసారి మౌనం అర్ధాంగీకారమైతే, రెండుసార్లు మౌనం పూర్ణాంగీకారం కావాలి కదా? లెక్కల్లో తప్పేముంది? ఆ మేరకు సవరణ ఉత్తర్వు వచ్చింది. ఉరిఖైదీల్లో ఒక మొహమాటస్తుడు ఉండేవాడు. అంతమంది పెద్దమనుషుల ముందు కాదనడానికి నోరు రాక రెండు సభల్లోనూ తల వంచుకుని కూర్చున్నాడు. ఊరి నుంచి తలారిని రప్పించి, ఆ మొహమాటస్తుడికి తదుపరి కార్యక్రమం జరిపించేశారు. ఆ రోజు అచ్యుతరామానికి అన్నం సయించలేదు.

ఆ తర్వాత పైడయ్య గొంతు పెంచాడు. బూర ఊదిన ఊపిరితిత్తులు కదా, అతను "ఒప్పుకోను" అంటే షామియానా గుంజలు అదిరేవి.

చివరికి మంత్రిగారికి విసుగొచ్చింది. ఎన్నికలు దగ్గర పడుతున్నాయి. "ఇదే ఆఖరు. ఈసారి కూడా వాడు కాదంటే ఆ స్వీకారం నిబంధనే కొట్టేద్దాం. క్షమాపణ మన ధర్మం, చెప్పేస్తాం, ఆ వెంటనే కార్యక్రమం చేసేస్తాం. అడిగేదేమిటి మధ్యలో?" అన్నారు.

అచ్యుతరామం ఇంటికొచ్చి లెక్క వేసుకున్నాడు. ఒప్పుకుంటే పైడయ్యను ఉరితీస్తారు. ఒప్పుకోకపోతే పైడయ్యతోపాటు అందరినీ ఉరితీస్తారు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, అది. ఇల్లంతా తిరిగి తిరిగి, ఉన్నట్టుండి ఆగాడు. మంత్రిగారు చేతికిచ్చిన కాయితం ముందుగా చూసుకునే రకం కాదు. ఒకసారి శాసనసభలో ప్రసంగమనుకుని సిమెంటు బిల్లు మొత్తం, లారీ నంబరుతో సహా, భావయుక్తంగా చదివేశారు. ఆ నోటితోనే, పత్రికలవాళ్లందరి ముందూ, నిజం చదివిస్తే? ప్రభుత్వమే మైకులో నిర్దోషి అని చెప్పాక ఏ మొహం పెట్టుకుని ఉరితీస్తారు?

తన బుర్రకు తనే శభాష్ అనుకున్నాడు. ఒక్క అలంకారం లేకుండా రాసి, ఆఖరి సభలో మంత్రివర్యులే స్వయంగా చదివితే నిండుగా ఉంటుందని నరహరిగారిని ఒప్పించాడు. పైడయ్యకు ఒక్క మాట చెప్పి ఉంచాలని ఆయనకు తోచకపోలేదు. 'ఏం చదివినా సరే, నువ్వు మాత్రం ఒప్పుకోకు, మిగతాది నేను చూసుకుంటా' అని చెబితే సరిపోయేది. కానీ ముందే చెబితే రసం పోతుంది కదా. ఆ మాటలు మొదటిసారి విన్నప్పుడు పైడయ్య మొహం ఎలా ఉంటుందో చూడాలని కవిగారికి కోరిక పుట్టింది. చెప్పలేదు.

శుక్రవారం సభ. తదుపరి కార్యక్రమం శనివారం తెల్లవారుజామున అని, ఆశ చావక, ఆహ్వానపత్రికలో వేశారు. మంత్రిగారు మైకు ముందుకొచ్చి కళ్లజోడు సవరించుకున్నారు.

"లెంక పైడయ్యా! ఈ హత్య నువ్వు చెయ్యలేదు" అని గంభీరంగా అందుకున్నారు. "ఆ వేళకు నువ్వు పెళ్లిలో బూర ఊదుతున్నావు. అది కళ్లారా చూసినవాళ్లున్నారు. చంపినవాడు వచ్చి చంపానన్నాడు. అతన్ని ఇంటికి పంపించాం. నిన్ను ఉంచుకున్నాం." ఇక్కడ మంత్రిగారి గొంతు కొంచెం నెమ్మదించింది. కానీ మైకు ముందు మొదలుపెట్టింది ఆపడం ఆయనకు చేతకాదు. "తప్పు నీది కాదు. మాది. మమ్మల్ని క్షమించు."

అచ్యుతరామం పైడయ్య మొహమే చూస్తున్నాడు. ఆ మొహం ముందు ఏమీ అర్థం కానట్టు ఉండిపోయింది. తర్వాత కింద పెదవి వణికింది. పైడయ్య రెండు చేతులూ జోడించి లేచాడు.

"సెప్పీసినారా బాబూ!" అన్నాడు వెక్కుతూ. "నాను సెయ్యనేదని సెప్పీసినారా! ఇది సాలు బాబూ. ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాను."

చప్పట్లతో షామియానా ఎగిరిపోయింది. మంత్రిగారు శాలువా కప్పారు. కెమెరాలు మెరిశాయి. దస్తగిరి స్వీకారపత్రం ముందు పెడితే మంత్రిగారు అక్కడికక్కడే సంతకం గీకారు.

అచ్యుతరామం నరహరిగారి కుర్చీ వెనక్కి చేరాడు. "సార్, మంత్రిగారే అన్నారు కదా నిర్దోషి అని. ఇక విడుదల చెయ్యాల్సిందేగా సార్?"

నరహరిగారు ఆయన వైపు తిరిగారు. ఆ కళ్లలో నిజమైన ఆనందం ఉంది.

"విడుదలేమిటయ్యా! మన పథకం ఎవరి కోసం పెట్టాం? నిర్దోషుల కోసం. దోషికి క్షమాపణ చెప్పడం ప్రజాధనం దుర్వినియోగం. ఇన్నాళ్లూ ఆడిట్‌వాళ్లు అడుగుతూనే ఉన్నారు, మీ లబ్ధిదారుల్లో అర్హులెందరని. ఇవాళ మొదటిసారి, పూర్తిగా అర్హుడైన లబ్ధిదారుడికి క్షమాపణ అందింది, అతను స్వీకరించాడు. మిమ్మల్ని అభినందించకుండా ఉండలేను. వెళ్లండి, వందన సమర్పణ మీదే."

అచ్యుతరామం మైకు దగ్గరికి నడిచాడు. అరవాలి అనుకున్నాడు. ఆపండి, ఇది హత్య అని అరవాలి. నోరు తెరిచాడు. ముప్పై ఏళ్లుగా అలవాటుపడిన నోరది. "వేదికను అలంకరించిన గౌరవనీయులైన మంత్రివర్యులకు..." అంది. తర్వాత సెక్రటరీగారికి, సూపరింటెండెంటుగారికి, షామియానా సప్లయ్యర్సుకు, మైకుసెట్టువారికి, ఉప్మా వండినవారికి, పత్రికా మిత్రులకు పేరుపేరునా ధన్యవాదాలు చెప్పింది. మధ్యలో ఎక్కడ ఆపాలో దానికి తెలియదు. అందరి పేర్లూ అయిపోయాక కానీ ఆయన మాట ఆయన చేతికి రాలేదు.

"ఆపండి!" అని అరిచాడు అప్పుడు. "ఈ మనిషి నిర్దోషి! రేపు మనం చెయ్యబోయేది హత్య! చదివింది మీరే, విన్నది మీరే, ఆపండయ్యా!"

వందన సమర్పణ వినడానికి కూర్చున్నవాణ్ణి తెలుగునాట ఎవరైనా చూశారా? కుర్చీలన్నీ ఖాళీ. జనం ఉప్మా పొట్లాల దగ్గర తోసుకుంటున్నారు. మైకుసెట్టు అబ్బి అప్పటికే వైరు చుట్టేస్తున్నాడు. మిగిలిందల్లా దస్తగిరి, ఇద్దరు కానిస్టేబుళ్లు, శాలువా కప్పుకున్న పైడయ్య.

"మరి నానింటికెల్లిపోవచ్చా బాబూ?" అన్నాడు పైడయ్య. మొహమంతా వెలుగు. "బయట మా ఎర్రయ్యమ్మ ఉంటాది. గేటు ఇటే గదా?"

దస్తగిరి స్వీకారపత్రాన్ని మడిచి ఫైల్లో పెట్టుకున్నాడు.

"లేదు పైడయ్యా" అన్నాడు అచ్యుతరామం. "ఒప్పుకున్నావు కనక రేపు... నీకు ముందే చెప్పాల్సింది. నేను చెప్పలేదు. బుద్ధి గడ్డితిని చెప్పలేదు."

పైడయ్య తిట్టలేదు. శాలువా తీసి, నలక్కుండా మడతపెట్టి, ఆయన చేతిలో పెట్టాడు.

"అలగయితే నానొప్పుకోను బాబూ. రాసుకోండి."

అచ్యుతరామం రాసుకున్నాడు. ఆహ్వానపత్రిక వెనక్కి తిప్పి, 'లెంక పైడయ్య అను నేను ఈ క్షమాపణ ఒప్పుకోను' అని రాసి, పైడయ్య చేత వేలిముద్ర వేయించి, గేటు వైపు పరుగందుకున్నాడు. పంచె కాళ్లకు చుట్టుకుంటోంది. మంత్రిగారి కారు అప్పుడే కదులుతోంది. అద్దం పట్టుకుని వేలాడాడు. మంత్రిగారు ఎవరో అర్జీదారుడనుకుని కాయితం అందుకుని, నవ్వి, నమస్కారం పెట్టి, చదవకుండానే ఎర్రసిరాతో రెండు ముక్కలు గీకి పీఏకు ఇచ్చారు.

"ఎవరికి రాశారండీ? ఎవరికి?" అని కారు పక్కనే పరిగెడుతూ అడిగాడు అచ్యుతరామం.

"సంబంధిత విభాగానికేనండీ. తపాలాలో వచ్చేస్తుంది, కంగారు పడకండి" అన్నాడు పీఏ.

గేటవతల ఎర్రయ్యమ్మ నిలబడి ఉంది. మైకులో మంత్రిగారి మాటలు ఆమె కూడా విన్నట్టుంది. వచ్చేపోయే వాళ్లందరికీ దండాలు పెడుతోంది. కారు వెనకాల పరిగెత్తి పరిగెత్తి ఆయాసంతో కూలబడ్డ అచ్యుతరామానికి కూడా పెట్టింది.

తదుపరి కార్యక్రమం శనివారమే జరిగిపోయింది. సోమవారం ఉదయం తపాలా వచ్చింది. పై నుంచి మూడో కాయితం ఆ ఆహ్వానపత్రికే. అడ్డంగా ఎర్రసిరాతో 'క్షమాపణల విభాగం — తగు చర్య నిమిత్తం' అని ఉంది. అచ్యుతరామం చదివాడు. చేతిరాత తనదే కానీ మాట పైడయ్యది. తన చేతి మీదుగా బయటికొచ్చిన వాటిలో ఒక్క అక్షరం కూడా ఎక్కువ లేని వాక్యం అదొక్కటే.

"దీనికి జవాబు ఏమని రాయమంటారండీ? ఎవరి పేరిట పంపమంటారు?" అని గుమాస్తా అడిగాడు.

అచ్యుతరామం బల్ల మీద తల పెట్టుకుని వలవలా ఏడ్చాడు.